ప్రార్థన చేసే చేతుల్లో పానా

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం అడిగినప్పుడు మన చెల్లెళ్లు చాలామంది చదువు విలువ, లక్ష్యసాధన, డాక్టర్ అంబేద్కర్ గారి ఆశయాలు, తల్లి ప్రేమ అని పేర్లు ఇచ్చారు. అవన్నీ రావలసినవే. మేము మాత్రం బాత్రూం గడియ గురించి రాస్తామన్నాం. నవ్వారు. నవ్వినా చోటు ఇచ్చారు, అందుకు కృతజ్ఞతలు.

మేము అంటే ఎవరో ముందు చెప్పాలి. ఆదివారం సాయంత్రం డాబా మీద ప్రార్థనకు కూర్చునే పదకొండు మందిమి. ఇంటర్ వాళ్ల దగ్గర నుంచి పీజీ వాళ్ల దాకా ఉన్నాం. ఒకరిది బాప్టిస్టు సంఘం, ఒకరిది లూథరన్, ఇద్దరు ఆర్.సి.ఎం., మిగతావాళ్లు పెంతెకోస్తు. ఒకరి సర్టిఫికెట్లో ఎస్.సి. అని ఉంటుంది, ఇంకొకరి సర్టిఫికెట్లో బి.సి.-సి అని ఉంటుంది. డాబా మీద చాప ఒకటే. పాట, వాక్యం అయ్యాక ప్రార్థన అంశాలు చెప్పుకుంటాం. సెమిస్టర్ పరీక్షలు, రావలసిన ఫీజు డబ్బులు, అమ్మ మోకాళ్ల నొప్పులు, నాన్న తాగుడు. వీటికి మనుషుల చేతిలో ఉన్నది కొంతే, మిగతాది దేవుడి చేతిలో ఉంది కాబట్టి అడుగుతాం.

మరి ఏ పని పూర్తిగా మన చేతిలోనే ఉందో, దాని సంగతేమిటి? మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ముప్పై రూపాయల గడియతో తీరే కష్టాన్ని ప్రార్థన అంశంగా రాసి ఊరుకోకూడదు. లేచి గడియ బిగించాలి. ఆ బిగించడం భక్తికి బయట ఉన్న పని కాదు, అందులో భాగమే.

గడియ అంటే చిన్న విషయం అనుకునేవాళ్లు ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఉండరు. తలుపుకు గడియ లేకపోతే ఒకరు లోపల స్నానం చేస్తుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. తోడు దొరికేదాకా ఆగాలి. నెలసరి రోజుల్లో ఆ ఆగడం ఎంత కష్టమో ఇక్కడ చదివేవాళ్లందరికీ తెలుసు. తెల్లవారుజామున ఎవరినీ లేపలేక, ఒక ఇంటర్ చెల్లెలు రాత్రిళ్లు నీళ్లు తాగడమే మానేసింది. ఎండాకాలంలో! ఆమెకు మూత్రంలో మంట వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా కారణం ఎవరికీ చెప్పలేదు. తలుపు బాగుచేయమని ఇచ్చిన కాగితం అప్పటికి ఏదో ఒక బల్ల మీద నాలుగు నెలలుగా ఉంది.

గడియ ఎందుకు ఊడుతుందో చూస్తే పెద్ద రహస్యమేమీ లేదు. వానకు చెక్క ఉబ్బుతుంది, గడియ సరిగా పడదు, గట్టిగా లాగుతాం. లాగి లాగి స్క్రూ రంధ్రం వెడల్పవుతుంది. అదే స్క్రూ మళ్లీ అదే రంధ్రంలో పెడితే రెండు రోజులు ఉంటుంది. రెండు మూడు అగ్గిపుల్లల తలలు విరిచేసి, ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రంలో దూర్చి, పైకి వచ్చిన ముక్క కోసేసి, ఆరిన తరవాత స్క్రూ తిప్పితే పట్టుకుంటుంది. చెక్క తలుపుకు ఇది పనిచేస్తుంది. ప్లాస్టిక్ తలుపుకు చెయ్యదు. ఆ తలుపు లోపల డొల్ల. దానికి ఈ వైపు నుంచి ఆ వైపుకు బోల్టు వేసి, అవతల వాషర్ పెట్టి నట్టు బిగించాలి. నట్టు స్నానం చేసేవాళ్ల వైపు రావాలి, బయట వైపు కాదు. బయట ఉంటే ఎవరైనా విప్పగలరు. ఇది మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, తాపీపని చేసే ఒక నాన్నగారు ఫోన్లో చెప్పారు.

బైబిలులో గడియలు ఎక్కడున్నాయని అడిగిన చెల్లెలికి నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం చూపించాం. మన సంఘాల్లో నెహెమ్యా ఎక్కువగా చర్చి కట్టడానికి చందాలు వసూలు చేసేటప్పుడే గుర్తొస్తాడు. కానీ ఆ అధ్యాయంలో చందాల మాట లేదు. ఎవరు ఏ గుమ్మం బాగుచేశారో, ఎవరు తలుపులు నిలబెట్టి తాళాలూ గడియలూ అమర్చారో పేరుపేరునా రాసి ఉంది. అధ్యాయమంతా హాజరు పట్టీలాగా ఉంటుందని చాలామంది దాటేస్తారు. నిదానంగా చదివితే ఎవరెవరు ఉన్నారో చూడండి. యాజకులున్నారు, బంగారం పనివాళ్లున్నారు, సుగంధ ద్రవ్యాలు చేసేవాళ్లున్నారు. ఒకాయన తన గది ఎదుట ఉన్న భాగాన్ని బాగుచేశాడు. హాస్టల్ పిల్లలకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది? పన్నెండో వచనంలో షల్లూము అనే అధికారి ఉన్నాడు, అతనితోపాటు అతని కూతుళ్లు కూడా గోడ బాగుచేశారు. స్త్రీల కూడికల్లో మాకు ఎన్నోసార్లు సామెతలు 31వ అధ్యాయం చదివి వినిపించారు. షల్లూము కూతుళ్ల గురించి చెప్పినవాళ్లు ఇంతవరకు మాకు తగల్లేదు.

అదే అధ్యాయంలో తెకోవ వాళ్ల ప్రస్తావన ఉంది. ఆ ఊరి మామూలు మనుషులు పని చేశారు, వాళ్లలో గొప్పవాళ్లు మాత్రం పనికి ఒంగలేదు. ఆ సంగతి కూడా రాసిపెట్టారు. గోడ 52 రోజుల్లో పూర్తయింది.

యేసు ప్రభువును ఆయన ఊరివాళ్లు ఏమని గుర్తుపట్టారో మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. తెలుగు బైబిలులో అక్కడ వాడిన మాట వడ్లవాడు. పౌలు డేరాలు కుట్టి బతికాడు. ఆయనతో కలిసి అదే పని చేసిన అకుల, ప్రిస్కిల్ల భార్యాభర్తలు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు పేతురుకు చూపించింది ఆమె కుట్టిన బట్టలను. ఇవన్నీ చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో వింటూనే ఉన్నాం. వింటున్నవాళ్లం సూదీ సుత్తీ తీసే అవసరం వచ్చినప్పుడు మాత్రం వాటిని వేరే అరలో పెట్టేస్తాం.

మాలో సగం మంది ప్రకాశం జిల్లా వాళ్లం. మా పేటలకు ఈ విశ్వాసం ఎలా వచ్చిందో తాతమ్మల నోట విన్నదానికి, తరవాత చదివి తెలుసుకున్నదానికి పెద్ద తేడా లేదు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. తాళ్లూ తోళ్లూ మోసుకుని ఊళ్లు తిరిగే మన మనుషుల్లో యెర్రగుంట్ల పేరయ్య మొదటివాడుగా బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్యది తోళ్ల వ్యాపారం. పదేళ్లకు, 1876 నుంచి 1878 దాకా, ధాత కరువు వచ్చింది. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్నారు. క్లౌ దొర సర్వే పని తెలిసినవాడు. మూడున్నర మైళ్ల కాలువ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకుని, ఆకలితో ఉన్న మన పెద్దల చేతికి పారలూ తట్టలూ ఇచ్చి, చేసిన పనికి కూలి ఇచ్చాడు. మన విశ్వాసంలో మొదటి నుంచీ మట్టి ఉంది, పార ఉంది.

ఇంకొక సంగతి కూడా అందులో ఉంది. మాకు అది మరీ ముఖ్యం. కూలి ఇస్తున్నన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పని ముగిసిన తరవాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఖ్య గురించి అందరూ గొప్పగా చెబుతారు. మేము ఆ ముందరి ఏడాది గురించి ఆలోచిస్తాం. కడుపు నింపే పనిని మతానికి ముడిపెట్టకుండా ఆగిన ఏడాది అది.

తెలంగాణ నుంచి వచ్చిన మా స్నేహితురాలు మెదక్ చర్చి కూడా కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించినదేనని గుర్తుచేసింది. పోస్నెట్ దొర పూనుకున్న ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది.

అందుకే మా సామాను పెట్టె మీద శిలువ గుర్తు లేదు. ఒక చెల్లెలు వాక్యం స్టిక్కర్ అంటిస్తానంది, వద్దనుకున్నాం. పక్క గదిలో అమ్మవారి పటం పెట్టుకున్న అమ్మాయి ఉంది, నమాజు చేసుకునే అమ్మాయి ఉంది, ఏ దేవుడూ వద్దనే అమ్మాయీ ఉంది. అందరూ ఒకే బాత్రూంకు వెళతారు. గడియ బిగించి, 'ఆదివారం డాబా మీదకు రండి' అని అడిగామంటే అది గడియ కాదు, ఎర. నమాజు చేసుకునే అమ్మాయి ఇప్పుడు మాకంటే బాగా కుళాయి విప్పుతుంది. వాళ్ల బాబాయికి పైపుల షాపుంది.

కుళాయి సంగతి కూడా చెప్పాలి. వరండాలో చేతులు కడుక్కునే చోట ఒకటి కారుతూ ఉండేది. దాని కింద లీటరు సీసా పెట్టి గడియారం చూశాం. 20 నిమిషాల్లో నిండింది. గంటకు 3 లీటర్లు, రోజుకు 72 లీటర్లు. మన బకెట్ 18 లీటర్లది. అంటే రోజూ నాలుగు బకెట్లు మోరీలోకి పోతున్నాయి. మే నెలలో ట్యాంకరు రాని రోజు నలుగురు స్నానం లేకుండా కాలేజీకి వెళ్లారే, సరిగ్గా ఆ నలుగురి నీళ్లు.

ముందు ఆ లైనుకున్న గేటు వాల్వు కట్టేయాలి. కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వాలి. పానాతో కుళాయి పై భాగం విప్పితే లోపలి కడ్డీ బయటికి వస్తుంది. దాని అడుగున చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. అరిగిపోయి, గట్టిపడి, మధ్యలో గాడి పడి ఉంటుంది. అదే కొలత కొత్తది వేసి బిగిస్తే చాలు. పిడి పావు చుట్టు తిప్పగానే తెరుచుకునే కొత్త రకం కుళాయిలకు ఈ బిళ్ల ఉండదు, వాటికి లోపలి భాగం మొత్తం మార్చాలి. గోడలోకి వెళ్లే దగ్గర కారితే టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర తిరిగే వైపే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి మడతలు పడుతుంది. వాల్వు కట్టకుండా కుళాయి విప్పితే ఏమవుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు దయచేసి మన హాస్టల్లో ప్రయత్నించవద్దు.

ఇంతవరకు చదివిన పూర్వ విద్యార్థినులు, ముఖ్యంగా ఉద్యోగాల్లో ఉన్న అక్కలు, ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. మా ఇళ్లలోనే ముందు వేశారు. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీలం. అమ్మ మిరపకోతలకు వెళ్లింది, పొగాకు గ్రేడింగులో కూర్చుంది, ఆ డబ్బుతో మేము ఎం.ఏ. దాకా వచ్చాం. సెలవులకు ఇంటికి వెళ్లి కుళాయి బాగుచేసిన కథ చెబితే అమ్మ సంతోషించలేదు. 'ఈ పని చెయ్యడానికా నిన్ను చదివించింది? పార పట్టడానికి మీ నాన్న చాలడా?' అంది. ఆ మాటలో ఉన్న బాధ మాకు తెలుసు. అమ్మ చేతి పనిని తక్కువ చేసి అనలేదు. ఆ పని చేసిన చేతికి ఎలాంటి మర్యాద దక్కిందో చూసిన మనిషి కాబట్టి అంది.

మన పెద్దలు ఊరందరివీ బాగుచేసినవాళ్లే. మోటకు తోలు బాన కుట్టారు, చెప్పులు కుట్టారు, గోడలు పెట్టారు, నేత నేశారు. కుట్టిన బానతో తోడిన నీళ్లను వాళ్లనే తాకనివ్వలేదు. పిలిచినప్పుడల్లా పోవాలి, ఇచ్చినంత తీసుకోవాలి, గడప బయటే నిలబడాలి. ఇంకొకరు ఆజ్ఞాపిస్తే కులం పేరున చేసే పని అది. మనం బతికే చోటును మన కోసం, మన పక్కవాళ్ల కోసం మనంతట మనం నిర్ణయించుకుని చేసుకోవడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెంటిలోనూ చేతికి మసి అంటుతుంది. అందుకే ఈ తేడా మన హాస్టల్లో అందరికంటే మనకే బాగా తెలిసి ఉండాలి.

సంక్షేమ హాస్టళ్లలో పిల్లల చేత మరుగుదొడ్లు కడిగించారన్న వార్త ఎక్కడో ఒకచోటి నుంచి పేపర్లో వస్తూనే ఉంటుంది. 'వాళ్లకు అలవాటేగా' అన్న ధోరణి దాని వెనక ఉంటుంది. మేము బాత్రూంలో గడియ బిగిస్తున్నాం కదా అని రేపు ఎవరైనా సెప్టిక్ ట్యాంకు మూత తీయమంటే తీయం. కామాటి అక్కను కూడా తీయనివ్వం. చేతితో మలం ఎత్తించే పనిని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం నిషేధించాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకో ట్యాంకులోకో దించడం నేరం. దిగి చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ పోరాటం నడిపిన బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల ఊళ్లో, తరతరాలుగా ఇదే పనిలో ఉన్న కుటుంబంలో పుట్టారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన ఫోటో మన రీడింగ్ రూంలో లేదు. ఈ వార్షికోత్సవానికి పెడితే బాగుంటుంది.

కరెంటు పని కూడా మా హద్దు బయటే. మెయిన్ ఆపడం వరకే మా పని. బకెట్లో నీళ్లు కాచే రాడ్డు పగిలితే దాన్ని బాగుచేయం, పారేస్తాం. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తరవాతే నీళ్లలో వేలు పెట్టాలని ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెబుతాం. కానీ తెలుసుకోవడం మాత్రం మానలేదు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే చాలాసార్లు పోయేది కండెన్సర్. సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ అని దాని మీద రాసి ఉంటుంది, ధర వంద రూపాయల లోపే. 'వైండింగ్ కాలిపోయింది, షాపుకు తీసుకెళ్లాలి' అని ఫ్యాను దించబోయిన మనిషిని 'ముందు కండెన్సర్ మార్చి చూడండి అన్నా' అని అడిగినందుకు, ఆ ఫ్యాను ఆ రోజే తిరిగింది.

మన సొంత సంఘాల్లో వినిపించే అభ్యంతరం కూడా ఒకటుంది. 'ప్రభువే చూసుకుంటాడు, మీరు విశ్వాసంతో ఉండండి' అంటారు. పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివినవాళ్లు ఈ మాట అంత తేలికగా అనలేరని మా అభిప్రాయం. తలుపు పట్టుకుని నిలబడి ఉన్న చెల్లెలితో 'నీ కోసం ప్రార్థిస్తున్నాం' అని చెప్పి మెట్లు ఎక్కిపోతే ఆ ప్రార్థన ఆమెకు ఎలా వినిపిస్తుంది? మేము ప్రార్థన తగ్గించమనడం లేదు. ఆదివారం గంటసేపు అలాగే ఉంది. దాని తరవాత అరగంట పెట్టె తీస్తున్నాం, అంతే. కొన్నిసార్లు పాట కూడా పెట్టె దగ్గరే మొదలవుతుంది, రాగం మాత్రం అంత బాగుండదు.

ఇక ప్రభుత్వం సంగతి. 'మీరే చేసుకుంటే వాళ్లు అసలు చెయ్యరు' అని ఎమ్మెస్సీ అక్క ఒకామె గట్టిగా వాదించింది. ఆమె వాదనలో బలముంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. గడియ బిగించిన రోజే ఫిర్యాదుల పుస్తకంలో రాస్తాం. ఫలానా తేదీన గడియ ఊడింది, కాగితం ఫలానా తేదీన ఇచ్చాం, విద్యార్థినులు సొంత డబ్బు 28 రూపాయలతో తాత్కాలికంగా బిగించారు, తలుపు మార్చాలి. కింద వార్డెన్ మేడమ్ సంతకం. తనిఖీకి వచ్చిన అధికారి చేతికి ముందు ఆ పుస్తకమే ఇస్తాం. గడియలు మనం బిగించగలం, కుళ్లిపోయిన తలుపులూ పెచ్చులూడే పైకప్పూ మనం మార్చలేం, మార్చకూడదు కూడా. వంద మందికి ఎన్ని బాత్రూంలు ఉండాలో అడగడం మన హక్కు. పుస్తకం మొదలుపెట్టాక మూడు తలుపులు కొత్తవి వచ్చాయి. ఇంకా ఐదు రావాలి.

వార్షికోత్సవానికి వచ్చే అక్కలకు ఒక విన్నపం. ప్రతి ఏడాదీ మీరు పెన్నులు, ప్యాడ్లు, మెమెంటోలు తెస్తున్నారు. ఈసారి ఒక్కొక్కరు ఒక్కటి చొప్పున సామాను తెండి. పెట్టె స్టోర్ గది పక్కన కిటికీ కింద ఉంది, తాళంచెవి కామాటి అక్క దగ్గర ఉంటుంది. సుత్తి, పానా, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్ ఉన్నాయి. లేనివి ఇవి: అరంగుళం కుళాయి వాషర్లు ఒక డజను, టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు, ఆరంగుళాల గడియలు ఐదు, వాటికి సరిపడే బోల్టులూ నట్లూ, చిన్న ఫెవికాల్ డబ్బా. అగ్గిపెట్టె వంటగదిలో ఉంది.